ఒపెరా కొరుకుడు పడట్లేదా? తీతో గొబ్బితో మొదలుపెట్టి చూడండి

నేను మొదటిసారి ఒపెరా, అంటే పాటలతోనే నడిచే పాశ్చాత్య నాటకం, వినాలనుకున్నప్పుడు చేసిన తప్పే చాలామంది చేస్తారు. కథ చదవలేదు, ఎవరు పాడుతున్నారో చూడలేదు, మూడు గంటల రికార్డింగ్ ఒకటి పెట్టుకుని మంచం మీద పడుకున్నాను. మొదటి అంకం సగానికే నిద్ర పట్టేసింది. మెలకువ వచ్చేసరికి ఎవరో చచ్చిపోతూ పాడుతున్నారు, చాలాసేపు పాడారు. ఇది మనకు పడేది కాదులే అని వదిలేశాను, మళ్ళీ దాని జోలికి పోవడానికి నాలుగేళ్ళు పట్టింది.

అందుకే చెబుతున్నా, ఒపెరాని పట్టుకోకండి, ఒక మనిషిని పట్టుకోండి. అది కూడా టెనర్‌ని కాదు, బారిటోన్‌ని. మగ గొంతుల్లో టెనర్ పైన ఉంటుంది, బాస్ అడుగున ఉంటుంది, ఈ రెండిటి మధ్యలోది బారిటోన్, అంటే మామూలు మగవాడు మాట్లాడే గొంతుకి అన్నిటికంటే దగ్గరగా ఉండేది. టెనర్ హీరో, ప్రేమిస్తాడు; సోప్రానో, అంటే ఆడవాళ్ళలో పై గొంతు, హీరోయిన్, ఆవిడా ప్రేమిస్తుంది; బారిటోన్ వచ్చి అడ్డుపడతాడు అని ఒపెరా వాళ్ళలో పాత జోకు ఉంది. జోకే గానీ నిజం. విలన్, బిడ్డ కోసం ఏడ్చే తండ్రి, కుట్రలు పన్నే స్నేహితుడు, అందరినీ బురిడీ కొట్టించే తెలివైనోడు, ఇవన్నీ బారిటోన్‌కే వస్తాయి. నటించడానికి సరుకున్న పాత్రలు ఇవే. పద్యనాటకాల్లో అసలు మజా దుర్యోధనుడి దగ్గరే ఉంటుందని తెలిసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఆ బారిటోన్లలో నేను మీకు అప్పజెప్పేది తీతో గొబ్బిని.

ముందు పేరు సంగతి తేల్చేద్దాం. ఫోన్‌కి నోటితో చెప్పి వెతికితే గోబీ మంచూరియా ఎలా చేయాలో చూపిస్తుంది, నాకు రెండుసార్లు చూపించింది, కాబట్టి పక్కన ‘బారిటోన్’ అని చేర్చండి. ఇటాలియన్‌లో పలికేది మన ట కాదు, త. అందుకే తీతో. గొబ్బి అనగానే మనకు సంక్రాంతి ముగ్గులో గొబ్బెమ్మలు గుర్తొస్తాయి గానీ, ఇటాలియన్‌లో గొబ్బో అంటే గూనివాడు, దానికి బహువచనం గొబ్బి. ఆ ఇంటిపేరు పెట్టుకుని పుట్టినాయన ఒపెరాలో అందరికంటే పేరున్న గూనివాడి పాత్ర రిగోలెత్తోకి ప్రాణం పోశాడు. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ఆయన చరిత్ర మొత్తం చదివాక వినక్కర్లేదు, ఈ కాస్త చాలు. 1913 అక్టోబర్ 24న ఉత్తర ఇటలీలో బస్సానో దెల్ గ్రాప్పా అనే ఊళ్ళో పుట్టాడు. పాదువా విశ్వవిద్యాలయంలో లా చదువుతుంటే, కుటుంబ స్నేహితుడైన ఒక బారన్ ఆయన గొంతు విని, నువ్వు పాట నేర్చుకోవాలయ్యా అన్నాడు. రోమ్ వెళ్ళి జూలియో క్రీమి అనే టెనర్ దగ్గర చేరాడు. పరీక్షగా పాడిన రోజు పియానో వాయించిన అమ్మాయి తీల్దె. తర్వాత ఆమెనే పెళ్ళి చేసుకున్నాడు. 1935లో గుబ్బియో అనే చిన్న ఊళ్ళో మొదటిసారి స్టేజీ ఎక్కాడు, మరుసటేడు వియన్నాలో అంతర్జాతీయ గానపోటీ గెలిచాడు, 1942లో మిలాన్‌లోని పేరుమోసిన ఒపెరా హౌస్ లా స్కాలాలో బెల్కోరె అనే పాత్ర పాడాడు. అదే 1942లో, యుద్ధం నడుస్తుండగా, రోమ్‌లో ఆల్బన్ బెర్గ్ రాసిన ఒపెరా ‘వోజెక్’ ఇటలీలో మొట్టమొదటిసారి వేస్తే అందులో నాయకుడు ఈయనే. ఆ సంగీతాన్ని చెడిపోయిన కళ అని నాజీలు జర్మనీలో తొక్కిపెట్టేశారు. వాళ్ళతో చేతులు కలిపిన దేశపు రాజధానిలో దాన్ని వేయడం మాటలు కాదు.

ఇక పనిలోకి దిగుదాం.

మొదట వినేది కాదు, చూసేది ఉంది. పుచ్చీని రాసిన ఒపెరా ‘తోస్కా’ రెండో అంకం, 1964 ఫిబ్రవరిలో లండన్ కోవెంట్ గార్డెన్ ఒపెరా హౌస్ నుంచి టీవీలో వేసినది, అందులో తోస్కా పేరుమోసిన సోప్రానో మరియా కల్లస్, స్కార్పియా మన గొబ్బి. రెండో అంకం మాత్రమే ఉంటుంది, ముప్పావుగంటకు మించదు. నలుపు తెలుపు. ఇంటర్నెట్‌లో వెతికితే దొరుకుతుంది. సబ్‌టైటిల్స్ ఉన్నది చూసుకోండి, లేకపోతే ఇంకో కిటికీలో పాట సాహిత్యం అనువాదం తెరిచి పెట్టుకోండి, కానీ మొదటిసారికి ఈ కథ తెలిస్తే చాలు.

1800 జూన్, రోమ్. స్కార్పియా పోలీసు పెద్ద. తోస్కా పాటగత్తె. ఆమె ప్రియుడైన చిత్రకారుడు తప్పించుకున్న ఖైదీని దాచాడు. స్కార్పియా తన గదిలో రాత్రి భోజనం చేస్తూ, ప్రియుణ్ణి పక్కగదిలో చిత్రహింస పెట్టిస్తూ, ఆ కేకలు తోస్కాకి వినిపించేలా చేసి ఆచూకీ రాబడతాడు. ఆమె తట్టుకోలేక ‘తోటలో బావిలో’ అని మెల్లగా చెప్పేస్తుంది. తర్వాత ఆ ప్రియుణ్ణి వదలాలంటే ఏం కావాలో బేరం పెడతాడు. చివరికి ఆమె భోజనం బల్ల మీద కత్తి తీసి పొడిచేస్తుంది. అంతే కథ.

ఇప్పుడు చూడాల్సింది ఏంటంటే, అరుపులు కాదు. చిత్రహింస అయిపోయాక, ఆమె కుప్పకూలిపోయి ఉన్నాక, స్కార్పియా నెమ్మదిగా, మర్యాదగా ఒక మాటంటాడు. ‘లా పోవెరా మీయా చేనా ఫు ఇంతెర్రొత్తా’, అంటే పాపం నా భోజనం మధ్యలో ఆగిపోయింది అని. పక్కనే కూర్చోమని స్పెయిన్ వైన్ ఇవ్వబోతాడు. ఇక్కడ గొబ్బి గొంతు చూడండి, నూనె రాసినట్టు ఉంటుంది. పెళ్ళిలో వడ్డించేవాడికి కూడా అంత వినయం ఉండదు. ఆ తర్వాత ఆమె ‘క్వాంతో?’ అని అడుగుతుంది, ఎంత అని. ఇతను నవ్వుతాడు. ఆమె ‘ఇల్ ప్రెత్సో’, ధర, అంటుంది. ఈ నాలుగైదు నిమిషాల్లో పాట అనదగ్గది పెద్దగా లేదు, ఇద్దరూ దాదాపు మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది, అయినా ప్రతి అక్షరం శ్రుతిలో, లయలో ఉంది. ఇది మీకు పట్టుబడితే ఒపెరా సగం వచ్చినట్టే.

ఇంకో చిన్న చోటు కూడా వదలొద్దు. తోస్కా మెల్లగా చెప్పిన ‘బావిలో’ అన్న మాటని, ప్రియుణ్ణి గదిలోకి తెచ్చి పడేశాక, స్కార్పియా కావాలనే గట్టిగా, అతనికి వినబడేలా, తన మనిషికి పనిగా చెబుతాడు: తోటలో బావి, వెళ్ళు స్పొలెత్తా. ఒక్క ముక్కతో ఇద్దరు ప్రేమికుల మధ్య చిచ్చు పెట్టేస్తాడు.

చూడటం అయ్యాక అదే అంకం 1958 డిసెంబర్‌లో పారిస్‌లో వీళ్ళిద్దరే చేసింది కూడా ఉంది, అదీ చూడండి, కానీ అదే రోజు కాదు. రెండు రోజులు ఆగి. మధ్య గడిచిన ఐదేళ్ళలో కల్లస్ గొంతు ఎంత సన్నబడిందో, గొబ్బి ఎంత తక్కువ కదిలి ఎంత ఎక్కువ భయపెడుతున్నాడో తెలుస్తుంది. స్కార్పియాని దాదాపు వెయ్యిసార్లు వేశాడని చెప్పుకుంటారు. అన్నిసార్లు వేసినవాడికి ఏ వేలు ఎప్పుడు కదపాలో తెలిసిపోతుంది మరి. దానికి తోడు సినిమాల అనుభవం. ఇరవైకి పైగా సినిమాల్లో చేశాడు, 1946లో ‘రిగోలెత్తో’ సినిమా, 1948లో ‘పాల్యాచ్చి’ సినిమా, ఆ రెండోదాంట్లో ఒకరికొకరు పడని రెండు పాత్రలు తానే వేశాడు. కెమెరా ముందు చెయ్యి ఊపితే ఎబ్బెట్టుగా ఉంటుందని అక్కడే నేర్చుకుని ఉంటాడని నా అనుమానం. బొమ్మలు కూడా బాగా వేసేవాడు, వేయబోయే పాత్ర ముఖం ముందు తనే గీసుకుని, మేకప్ తనే వేసుకునేవాడు.

ఒక రిహార్సల్‌లో కల్లస్ కొవ్వొత్తుల దగ్గరగా వంగితే ఆమె విగ్గుకి నిప్పంటుకుంది. గొబ్బి ఆమెను పట్టుకునే వంకతో ఆ మంట ఆర్పేశాడు, ఇద్దరూ పాట ఆపలేదు. ఆయనే చెప్పుకున్న కథ ఇది. 1965 జులై 5న కల్లస్ చివరిసారి ఒపెరా స్టేజీ ఎక్కినప్పుడు కూడా ఎదురుగా స్కార్పియా ఈయనే.

చూడటం అయింది, ఇప్పుడు చెవులకి పని. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌లో వినొద్దు, బారిటోన్ గొంతులో ఉండే అడుగు భాగం దాంట్లో అసలు రాదు. 1953లో లా స్కాలాలో రికార్డు చేసిన ‘తోస్కా’ తీయండి, కండక్టర్, అంటే ఆర్కెస్ట్రాని నడిపించేవాడు, విక్తోర్ దె సబాతా, టెనర్ జుసెప్పె ది స్తెఫానో. మోనో రికార్డింగ్, రెండు చెవుల్లోనూ ఒకటే వస్తుంది, కంగారు పడకండి, మీ హెడ్‌ఫోన్స్ పాడవలేదు. ఒపెరా మొదట్లోనే మూడు దెబ్బల్లాంటి స్వరసమూహాలు వస్తాయి, అవి స్కార్పియా గుర్తు. అవి మళ్ళీ వినబడ్డప్పుడల్లా మనిషి ఎదుట లేకపోయినా అతని నీడ పడిందని అర్థం. తర్వాత తిన్నగా మొదటి అంకం చివరికి వెళ్ళిపోండి. చర్చిలో గంటలు, దూరంగా ఫిరంగి, ఆర్గన్, జనం ప్రార్థన, వీటన్నిటి మధ్య స్కార్పియా తన పాపిష్టి ఆలోచనలు తనలో తాను పాడుకుంటూ, చివర్లో ఉలిక్కిపడి ‘తోస్కా, నువ్వు నాకు దేవుణ్ణే మర్చిపోయేలా చేశావ్’ అంటాడు. ఈ అంకంలో స్కార్పియా పాడేదంతా దె సబాతా, పలికే తీరు మార్చి మార్చి, గొబ్బి చేత ముప్పై సార్లు పాడించాడని చెబుతారు. మీరు ఈ చివరి భాగాన్ని కనీసం మూడుసార్లు వినండి. మొదటిసారి గంటలు, రెండోసారి కోరస్, మూడోసారి గొబ్బి మాత్రమే.

ఇక్కడ మన తెలుగువాళ్ళకి కలిసొచ్చేది ఒకటుంది. తెలుగు తూర్పుదేశపు ఇటాలియన్ అని ఎవరో అన్నారని ఊరికే మురిసిపోతుంటాం గానీ, దాన్ని పనికొచ్చేలా వాడుకున్నది తక్కువ. మాటలు అచ్చుతో ముగియడం సరే, అసలు లాభం ద్విత్వాక్షరాల్లో ఉంది. ‘ఇంతెర్రొత్తా’, ‘దన్నాతా’, ‘నొత్తె’, ఇవన్నీ మన నోటికి పుట్టుకతో వచ్చిన ఒత్తులు, ఇంగ్లీషు వాళ్ళు వీటికోసం ఏళ్ళ తరబడి కష్టపడతారు. గొబ్బి సగం నటన ఈ ఒత్తుల మీదే చేస్తాడు. కోపం వస్తే ఒత్తు గట్టిపడుతుంది, కుట్ర చేస్తుంటే ఒత్తు మీద ఒక్క క్షణం ఆగి వదులుతాడు. కాబట్టి సాహిత్యాన్ని తెలుగు లిపిలో కాగితం మీద రాసుకుని వినండి. పది లైన్లు చాలు. నేను ఇలాగే చేశాను, భాష రాకపోయినా ఎక్కడ ఏమంటున్నాడో వారంలో పట్టుబడింది.

ఆ కాగితం మీద రాసుకోవాల్సిన మొదటి పది లైన్లు ‘రిగోలెత్తో’ రెండో అంకంలో ‘కోర్తిజాని, విల్ రాత్సా దన్నాతా’. 1955 రికార్డింగ్, మళ్ళీ లా స్కాలానే, కండక్టర్ తుల్లియో సెరాఫిన్. రిగోలెత్తో ఒక డ్యూక్, అంటే ఆ ఊరి ప్రభువు, దగ్గర విదూషకుడు, గూనివాడు, అందరినీ ఎగతాళి చేసి బతికేవాడు. దర్బారు వాళ్ళు అతని కూతుర్ని ఎత్తుకొచ్చి లోపల ఆ డ్యూక్ దగ్గర వదిలారు. ఇతను ఏమీ తెలియనట్టు ‘లా రా, లా రా’ అని కూనిరాగం తీస్తూ వస్తాడు, దయచేసి ఇక్కడి నుంచే మొదలుపెట్టండి, పాట మొదలయ్యే చోటికి దూకొద్దు. ఆ లా రా లో మాటలేవీ లేవు, ఉన్నదంతా ఏడుపు ఆపుకుంటున్న గొంతే. తర్వాత పాట మూడు ముక్కలు. మొదటిది కోపం, కింద వయొలిన్లు ఉడుకుతున్న నీళ్ళలా కదులుతుంటాయి. రెండోది కూలిపోవడం. మూడోది కాళ్ళ మీద పడటం, అక్కడ చెల్లో, వయొలిన్‌లాంటిదే ఇంకా పెద్ద వాద్యం, తోడొస్తుంది. ఇంకో మంచి బారిటోన్ ఎవరైనా ఈ మూడింటినీ అందంగానే పాడతారు. గొబ్బి మూడు ముక్కల్లో మూడు వేరే వయసుల మనిషిలా వినబడతాడు, మూడోదానికి వచ్చేసరికి ముసలివాడైపోతాడు.

ఒక మాట ఒప్పుకోవాలి. గొబ్బి గొంతు అందరికంటే అందమైనది కాదు. పై స్వరాల దగ్గర బిగుసుకుంటుంది, కొన్నిసార్లు అరుపుకి దగ్గరగా పోతుంది. మీకు అది వినబడితే మీ చెవి బాగానే ఉంది. అందమే కావాలంటే సియెనా వాడైన ఎత్తొరె బస్తియానీని ఉన్నాడు, మొదట బాస్‌గా పాడి తర్వాత బారిటోన్ అయ్యాడు, వెల్వెట్ అంటారే అలాంటి గొంతు, పాపం గొంతు క్యాన్సర్‌తో 1967లో నలభై నాలుగేళ్ళకే పోయాడు. బస్తియానీని పాడితే పాటలోని అందం ముందు వినబడుతుంది, గొబ్బి పాడితే ఆ మాట ఎందుకన్నాడో ముందు వినబడుతుంది. మొదలుపెట్టేవాళ్ళకి రెండోదే పట్టు దొరుకుతుందని నా లెక్క.

ఏడుపు, రక్తం ఎక్కువైపోయాయా? అయితే ‘జాన్ని స్కిక్కి’కి రండి. పుచ్చీనిదే, గంట కూడా ఉండదు, పూర్తి కామెడీ. డబ్బున్న ముసలాయన పోయాడు, ఆస్తంతా మఠానికి రాసేశాడు, చుట్టాలు గొల్లుమంటారు, పోయినాయన కోసం కాదు, ఆస్తి కోసం. స్కిక్కి అనే గడుసువాడు చనిపోయినాయన మంచంలో దూరి, ఆయన గొంతుతో నోటరీకి కొత్త వీలునామా చెబుతాడు, మంచివన్నీ తన పేరునే రాయించుకుంటాడు. చుట్టాలు నోరెత్తలేరు, ఎత్తితే అందరూ జైలుకే. మన పల్లెల్లో పొలం తగాదాలు చూసినవాళ్ళకి అనువాదమే అక్కర్లేదు. 1958 రికార్డింగ్ వినండి, సాంతినీ కండక్టర్. గొబ్బి ముక్కుతో తీసే ఆ ముసలి గొంతు కోసమైనా వినాలి. ఇందులో ఇంకో ముచ్చట, 1918లో న్యూయార్క్‌లో ఈ ఒపెరా మొట్టమొదటి ప్రదర్శనలో ప్రేమికుడి పాత్ర పాడింది ఎవరనుకుంటున్నారు, గొబ్బి గురువు జూలియో క్రీమి.

నవ్వు మూడ్‌లోనే ఉంటే 1957లో రికార్డు చేసిన రొస్సీని ఒపెరా ‘బార్బర్ ఆఫ్ సెవిల్’ కూడా వినొచ్చు. అందులోని మంగలి ఫీగరో పాత్రతోనే 1948లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఆయన అమెరికా ప్రవేశం. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో మాత్రం 1956లో స్కార్పియాగా మొదలుపెట్టాడు. ఆ మధ్యలో, 1955లో, లండన్‌లో వెర్దీ ‘ఒతెల్లో’ రిహార్సల్స్‌కి ఆలస్యంగా వచ్చాడని కండక్టర్ కూబెలిక్ ఆయన్ని తీసేసి ఇంకొకరికి విలన్ ఇయాగో పాత్ర ఇచ్చేశాడు. అంతటివాడికీ తప్పలేదు. ఆ ఇయాగోని 1960 రికార్డింగ్‌లో వినవచ్చు. అందులో ‘క్రెదో’ అనే పాట వినమని అందరూ చెబుతారు, నేను మాత్రం ‘ఎరా లా నొత్తె’ వినమంటాను. ఇయాగో ఒతెల్లో చెవిలో ఒక అబద్ధపు కల కథ ఊదుతాడు, దాదాపు గుసగుస. విషం ఎంత మెత్తగా దిగుతుందో అక్కడుంది.

ఇన్ని విన్నాక, అప్పుడు గానీ, వెర్దీ ‘సిమోన్ బొక్కనేగ్రా’ ముట్టుకోకండి. కథ చిక్కుముడి, మధ్యలో ఇరవై అయిదేళ్ళు దాటిపోతాయి, పేర్లు మారిపోతాయి, ముందే తీస్తే వదిలేస్తారు. 1957 రికార్డింగ్‌లో గొబ్బికి ఎదురు నిలిచే బాస్ బోరిస్ క్రిస్తోఫ్, బల్గేరియా వాడు, అతను పెళ్ళి చేసుకుంది గొబ్బి భార్య తీల్దె తోబుట్టువుని. అంటే కథలో ఒకరంటే ఒకరికి పడని శత్రువులు, ఇంట్లో తోడల్లుళ్ళు. కోప్పడుకునే సీన్లలో వాళ్ళిద్దరూ ఎక్కడా మొహమాటపడ్డట్టు అనిపించదు. ఈ ఒపెరా అంటే గొబ్బికి ఎంత ఇష్టమంటే 1965లో తానే దర్శకత్వం కూడా వహించాడు, షికాగోలోనూ లండన్‌లోనూ.

మొదటి అంకంలో, చాలా ఏళ్ళ కింద తప్పిపోయిన కూతురు ఈ అమ్మాయేనని సిమోన్‌కి తెలిసే సీన్ ఉంది. ఇద్దరూ పాడతారు, సంతోషం, కన్నీళ్ళు, అంతా అవుతుంది, ఆమె లోపలికి వెళ్ళిపోతుంది. మామూలుగా అయితే ఇక్కడ చప్పట్లు. కానీ ఆర్కెస్ట్రా ఇంకా ఆగదు. సిమోన్ ఆమె వెళ్ళినవైపే చూస్తూ ఒకే ఒక మాట పాడతాడు, ‘ఫీల్యా’, అంటే అమ్మా, నా కూతురా అని. బారిటోన్‌కి కష్టమైన పై స్వరం, గట్టిగా పాడితే తేలిక, కానీ వెర్దీ మెల్లగా పాడమన్నాడు. పైన బిగుసుకుంటుందని చెప్పానే, ఆ గొంతే ఇక్కడ దారంలా సాగుతుంది. రాత్రి, ఇంట్లో అందరూ పడుకున్నాక, వాల్యూమ్ కొంచెం పెంచి వినండి, ఆ మాటయ్యాక వెంటనే తర్వాతి ట్రాక్ మొదలవకుండా ఫోన్‌లో ఆటోప్లే మాత్రం ముందే ఆపేసుకోండి.